పళ్ళు చూసి కొన్న సైకిలు

మా దిబ్బలపాలెంలో తెలివికి కరువొచ్చిన ఏడాది లేదు. అందులోనూ మెరకావారింట్లో అయితే అసలే లేదు. మూడు తరాలుగా దాచుకుంటూ వస్తున్నారు, వాడిన పాపాన పోలేదు, ఇంక తరిగేదెక్కడ? ఇది ఎగతాళికి అంటున్నాననుకోకండి. నేనూ ఆ వీధివాడినే. మా ఇంట్లోనూ అదే సరుకు.

మెరకావారి తెలివికి ఒక పద్ధతుంది. ఎవరేం చెప్పినా, చెప్పింది చెప్పినట్టు చెయ్యాలి. ఇంత కలపకూడదు, ఇంత తియ్యకూడదు. "సొంత తెలివి కలిపినోడే చెడిపోయేడ్రా" అని వాళ్ళ తాత చనిపోతూ చెప్పాడు. అదీ చెప్పినట్టే పాటిస్తున్నారు.

ఆ ఇంట్లో ఇప్పుడు ముగ్గురు మనుషులు. మేనత్త బంగారమ్మ ఇంటికి పెద్దదిక్కు. ఆవిడ పెద్ద మేనల్లుడు ఎరకయ్య, రెండు ధాన్యం బస్తాలు ఒకేసారి నెత్తిన మోసే మనిషి. చిన్న మేనల్లుడు పైడయ్య. కథ వీడిదే. నిరుడే పెళ్ళయింది వీడికి. పెళ్ళాం పేరు సుగుణవేణి, చదువుకున్న పిల్ల, పంతులమ్మ. ఆ పిల్ల ఈ ఇంటికి ఎలా వచ్చిందంటే, పైడయ్య చూడ్డానికి బాగుంటాడు. పెళ్ళిచూపుల్లో నోరు విప్పొద్దని అత్త చెప్పింది. వాడు విప్పలేదు.

కాపురానికొచ్చిన వారానికి వేణి పొయ్యి మీద పాలు పెట్టి, "పొంగుతాయేమో సూస్తూ ఉండు మావా" అని నీళ్ళకెళ్ళింది. తిరిగొచ్చేసరికి పాలు పొయ్యిలో ఉన్నాయి, పైడయ్య పీట మీద ఉన్నాడు.

"పొంగేయే! మొదట్నించి సివరిదాకా సూసేను" అన్నాడు గర్వంగా.

వేణి నవ్వింది. అప్పట్లో ఇంకా నవ్వేది.

తర్వాత ఆ పిల్లకి కొండ మీద జామిగుడ బడికి బదిలీ అయింది. దిబ్బలపాలేనికి నలభై ఆరు కిలోమీటర్లు. కొండెక్కడానికి గురువారం సంతరోజు ఒక్క జీపు తప్ప దిక్కులేదు. వెళ్తూ వెళ్తూ, "కబురు పెడతాను, వొద్దువుగాని" అంది. అంతే! పైడయ్య కబురు కోసం కూర్చున్నాడు. కబురు లేకుండానే వస్తాడని ఆవిడ చూసింది. కబురొస్తేనే వెళ్ళాలని వీడు చూశాడు. ఇలా ఆరు వారాలు చూసుకున్నారు. పైడయ్యకి అన్నం సయించలేదు. రోజూ సాయంత్రం అరుగు మీద కూర్చుని కొండవైపు చూసేవాడు. పిల్లంటే ప్రాణం వాడికి, అందులో మాత్రం తేడా లేదు.

మంగళవారం ఫోనొచ్చింది.

"మావా, ఆదివారం పొద్దుగూకే లోపల సైకిలెక్కి ఇక్కడికి రా. జీపుల్లో రావొద్దు, బస్సుల్లో రావొద్దు. నాకోసం నీకు నువ్వుగా ఒక్క పని సెయ్యి, సూస్తాను. రాలేదో, సెలవులకి మా అమ్మగారింటికి పోతాను. మరి దిబ్బలపాలెం గడప తొక్కను."

అనేసి ఆ పిల్ల ఫోను పెట్టేసింది. పైడయ్య సైకిలు కోసం ఇల్లంతా వెతికాడు. వాళ్ళింట్లో సైకిలు లేదు.

ఇంకేముంది, అరుగు మీద సభ తీరింది. "సైకిలు కొనడం ఎంత పని? ఎద్దుని కొన్నట్టే" అంది బంగారమ్మ. ఎద్దుని ఎంచడంలో మెరకావారిది అందె వేసిన చెయ్యి. ముగ్గురూ బుధవారం పొద్దున్నే పట్నంలో రవూఫ్ సాయిబు సైకిళ్ళ షాపుకి వెళ్ళారు. సాయిబు పెద్దమనిషి, ఓపికమంతుడు. ఆ సంగతి ఆ వారంలో ఆయనకీ తెలిసొచ్చింది.

"ఏ దారిలో తొక్కుతారు బాబూ?" అనడిగాడు.

"ఊళ్ళోంచి ఇసక. తరవాత తారు. ఆ తరవాత కాలవగట్టు. ఆపైన గులకరాళ్ళ ఎక్కుడు. సివర్న వాగు" అన్నాడు పైడయ్య.

"అన్ని రకాల నేలా ఉందే! అయితే తొందరపడకూడదు. నున్నటి రోడ్డు మీద పరిగెత్తే బండి ఇసకలో కూరుకుపోద్ది. కొండకని మరీ బరువైంది కొంటే తారు మీద ప్రాణం తీస్తది. మీ దారేంటో నాకు సరిగ్గా తెలియాల. దారంతా తెచ్చి నా ముందు పెట్టండి, తగిన బండి నేను తీసి పెడతా."

అంతే! ముగ్గురూ లేచారు.

శుక్రవారం పొద్దున సాయిబు షాపు తీసేసరికి గుమ్మంలో నాలుగు గోనెబస్తాలు, ఒక ఇత్తడి బిందె. ఎరకయ్య మొదటి బస్తా విప్పి గుమ్మంలో ఇసక పోశాడు. దాని పక్కన గునపంతో పెళ్ళగించి తెచ్చిన తారు పెచ్చులు పేర్చాడు. కాలవగట్టు మట్టి పరిచాడు. గులకరాళ్ళు గుట్టపోశాడు. చివర్న బల్ల ముందు బిందె వంచాడు. వాగు షాపంతా పారింది.

"ఇదీ దారి. వొరస తప్పలేదు" అంది బంగారమ్మ.

సాయిబు తడిసిన చెప్పుల్లో నిలబడి అడిగాడు. "ఈ నీళ్ళు నిజంగా కొండ మీది వాగులోవేనా?"

"మరేటి! నిన్న సంత జీపులో ఎల్లి ముంచుకొచ్చేం" అన్నాడు పైడయ్య. "వాగు ఇవతల్నించి సూత్తే మా వేణి బడి పెంకులు కనబడతాయి. గంట కూడా ఇనబడింది."

"అంతదూరం వెళ్ళి ఆ అమ్మాయిని చూసి రాకపోయావా?"

పైడయ్య తల దించుకున్నాడు. "సూడాలనే అనిపించింది సాయిబుగోరూ. శానా అనిపించింది. కానీ మేం నీళ్ళకి కదా ఎల్లేం."

సాయిబు చెప్పుల్లో నీళ్ళు వంపుకున్నాడు. లోపలికి వెళ్ళి ఒక సైకిలు నడిపించుకుంటూ తెచ్చాడు. "ఇది తీసుకోండి. ముందు చక్రానికి స్ప్రింగులున్నాయి, రాళ్ళ మీద చేతులు అదరవు. వెనక కూడా స్ప్రింగులుంటే దూరం తొక్కేవాడికి బలం వృథా. వెడల్పాటి టైర్లు. వానలో కూడా ఆగే డిస్కు బ్రేకులు. గేర్లు కొండకి సరిపోతాయి."

బంగారమ్మ సైకిలు చుట్టూ మూడుసార్లు తిరిగింది. మెడ కింద సుడులేమైనా ఉన్నాయేమోనని హ్యాండిల్ కింద తడిమింది. వెనక నిలబడి ఒక్కటి చరిచింది. సైకిలు కదల్లేదు. "నెమ్మదైంది, తన్నదు" అంది. తర్వాత వంగి, పెడల్ దగ్గర చక్రానికి పళ్ళు లెక్కపెట్టడం మొదలెట్టింది. లెక్క అవగానే లేచి కొంగు నడుముకి చుట్టింది.

"ఏటి సాయిబూ, మమ్మల్నేటి ఎర్రోళ్ళనుకున్నావా? ఎనిమిది పళ్ళొస్తేనే ఎద్దుకి ఈడు ముదిరిందంటాం. దీనికి ముప్పై రెండు! మా తాత ఈడుది మాకు అంటగడతావా?"

"అమ్మా, ఇది కొత్తది. మొన్ననే దిగింది."

"పళ్ళు అబద్ధమాడవు. పళ్ళు తక్కువున్నది సూపించు."

సాయిబు ఎంత చెప్పినా వినలేదు. షాపులో ఉన్న సైకిళ్ళన్నిటి పళ్ళూ చూశారు. అన్నీ ముసలివే. చిట్టచివరికి చంటిపిల్లలు తొక్కే మూడు చక్రాల బండి దగ్గర ఎరకయ్య కేకేశాడు. "అత్తా! దీనికి పళ్ళే రాలేదే!"

"అది దూడ్రా. మనిషిని మొయ్యలేదు" అంది బంగారమ్మ. కాసేపు ఆలోచించింది. ఆవిడ ఆలోచిస్తే మా వీధంతా భయపడుతుంది. "ముసలిదే తీసుకుందుము. ఈడొచ్చింది గనక నాలుగు దారులూ తెలిసుంటాయి."

అలా, తప్పు లెక్కతో సరైన సైకిలు కొన్నారు. మా వీధి చరిత్రలో అదొక్కటే. బేరం ఎద్దుల సంతలో లాగే తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని చేశారు. సాయిబుకి ఆ భాష రాదు. ఎరకయ్య గట్టిగా నొక్కేసరికి "అమ్మో, సరే!" అన్నాడు. అంతే, బేరం తెగింది.

పైడయ్య సైకిలు మీద కాళ్ళు రెండువైపులా వేసి నేల మీద నిలబడ్డాడు. సాయిబు కొలిచి చూసి, "బాగుంది. నీకూ దానికీ మధ్య రెండంగుళాల సందుండాల. అదుంటే బండి నీకు సరిపోయినట్టు" అన్నాడు. పైడయ్య ఆ మాట గుండెలో రాసుకున్నాడు. మిగతా జాగ్రత్తలన్నీ కూడా సాయిబు ఓపిగ్గా చెప్పాడు. "ఇసకలో టైర్ల గాలి తీసెయ్యండి, తారు మీదికి పోయే ముందు నింపండి. ఎక్కుడొస్తే అక్కర్లేని బరువు దించెయ్యండి. వాగులో తొక్కొద్దు, బండిని ఎత్తి దాటించండి. చైనుకి నూనె రాయండి. ఒంటరిగా పోవద్దు, తోడు మనిషుండాల."

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎంత చక్కగా చెప్పాడు! చెప్పింది చెప్పినట్టు చేస్తే పోయె.

ఇంటికి తెచ్చి సైకిల్ని పశువుల శాలలో ఎద్దు పక్కన కట్టారు. బంగారమ్మ దాని ముందు కుడితి పెట్టింది. పొద్దుటికి కుడితి ఖాళీ. "తిండి పుష్టి ఉంది" అని అందరికీ చెప్పింది. పక్కనున్న ఎద్దు ఏమీ అనలేదు.

శనివారం నూనె రాశారు. చైనుకి రాస్తుంటే బంగారమ్మ మనసొప్పలేదు. "ఒక్కదానికి రాసి తక్కినవి వొదిలెత్తే, దారిలో అవి అలుగుతాయిరా" అంది. అంతే! శేరు నువ్వులనూనె తెచ్చి సైకిలుకి తలంటు పోశారు. సీటుకి, చువ్వలకి, బ్రేకులకి, టైర్లకి, వేటికీ లోటు చెయ్యలేదు. సైకిలు నిగనిగలాడింది. "పెళ్ళికొడుకులా ఉందిరా" అన్నాడు ఎరకయ్య.

ఆదివారం తెల్లవారగానే పైడయ్య బయల్దేరాడు. తోడు ఎరకయ్య. ఊరి బయట రెండు కిలోమీటర్ల ఇసక. పైడయ్య టైర్ల గాలంతా తీసేశాడు. చక్రాలు చప్పబడి ఇసకలో దేకుతుంటే, ఎరకయ్య వెనకనుంచి తోస్తుంటే, చెమటలు కారుతూ తారురోడ్డు చేరారు. ఇప్పుడు గాలి నింపాలి. సాయిబు సైకిలుతో ఇచ్చిన గాలిపంపు ఇంట్లో ఉంది. ఇంకేముంది, వెనక్కి వచ్చారు. ఇంటి దగ్గర టైర్లు రాయిలా నింపి మళ్ళీ బయల్దేరారు. ఇసక వచ్చింది. ఇసకలో గాలి తియ్యమన్నాడుగా సాయిబు! తీసేశారు. తారు వచ్చింది. గాలి లేదు. వెనక్కి వచ్చారు.

ఇలా మూడు తడవలు తిరిగాక బంగారమ్మ అడిగింది. "ఏట్రా, అప్పుడే కొండెక్కి దిగీసేరా?"

"ఇసక దాటనే నేదత్తా. ఇసకలో గాలుండకూడదు, తారు మీద గాలుండాలి, గాలేమో ఇంట్లో ఉంది" అన్నాడు పైడయ్య. పొద్దు బారెడెక్కింది. వేణి మాట చెవిలో మోగుతోంది.

మీరైతే పంపు వెంట తీసుకెళ్ళమంటారు. మీరు మా వీధివాళ్ళు కారు. బంగారమ్మ నుదురు కొట్టుకుని, "ఎర్రి నాయనల్లారా, గాలి నింపి, సైకిలుకి దుప్పటి కప్పి నెత్తిన పెట్టుకెళ్ళండి. ఇసక దానికి కనబడకుండా ఉంటే సరి" అంది. అన్నదమ్ములిద్దరూ అత్త తెలివికి చేతులెత్తి మొక్కారు.

తారురోడ్డు మీద పైడయ్య సైకిలెక్కాడు. ఎక్కాడే గాని కూర్చోలేదు. సాయిబు చెప్పిన రెండంగుళాల సందు ఉండాలి కదా! సీటుకి రెండంగుళాల పైన నడుము పట్టి, గాల్లో వేలాడుతూ తొక్కాడు. పద్దెనిమిది కిలోమీటర్లు అలాగే. తొడలు భగభగ మండాయి. వెనక పరిగెత్తుతున్న ఎరకయ్య మధ్యమధ్య వంగి చూసి, "సందు తగ్గతందిరోయ్, లెగూ!" అని హెచ్చరించాడు.

కాలవగట్టు దిగుడులో బ్రేకులు నొక్కాడు. తలంటు పోసుకున్న బ్రేకులు ఊరికే పట్టుకుంటాయా? సైకిలు సర్రుమని గట్టు దిగి, బట్టలుతుకుతున్న ఆడవాళ్ళ మధ్యనుంచి దూసుకుపోయి కాలవలో పడింది. ఎరకయ్య ఒక చేత్తో తమ్ముణ్ణి, ఒక చేత్తో సైకిల్ని పైకి లాగాడు. "నూనె సరిపోనట్టుందిరా. సరిగ్గా రాసుంటే ఇలా అలిగి దూకీదా?" అన్నాడు.

మధ్యాహ్నం దాటాక కొండ మొదలైంది. ఎక్కుడు! అక్కర్లేని బరువు దించాలి. పైడయ్య సైకిలు ఆపి ఆలోచించాడు. సీటు మీద పొద్దుట్నించీ ఒక్కసారీ కూర్చోలేదు. అక్కర్లేనిదే కదా! ఊడదీశాడు. ఇంకాస్త ఎక్కాక గంట తీశాడు, కొండ మీద దారికి అడ్డొచ్చేవాళ్ళెవరు? మూడో మలుపులో స్టాండు తీశాడు. అయిదో మలుపులో ఆయాసంతో సైకిలు దిగి నడుస్తుంటే, నడిచేవాడికి పెడళ్ళెందుకని అవీ తీసేశాడు. తీసినవన్నీ పారెయ్యడానికి మనసొప్పక గోనెసంచిలో వేసి ఎరకయ్య నెత్తిన పెట్టాడు.

"ఎలాగుందిరా, తేలికయిందా?" అన్నాడు ఎరకయ్య రొప్పుతూ.

"శానా తేలికయింది అన్నా. సాయిబు దేవుడు."

"నాకే ఎందుకో బరువెక్కింది. కొండగాలి పడనట్టుంది."

వాగు దగ్గరికి వచ్చేసరికి పొద్దు తాడిచెట్టంత ఎత్తున ఉంది. అవతలి ఒడ్డు మీద బడి, బడి పక్కన పెంకుటిల్లు, ఇంటి ముందు నీలం చీరలో ఒక మనిషి. పైడయ్య ఒడ్డుకి పరిగెత్తాడు. సైకిల్ని ఎత్తబోయి ఆగిపోయాడు.

"అన్నా, కొంప మునిగింది. వాగులో బండి తొక్కొద్దు, ఎత్తి దాటించమన్నాడు సాయిబు. వేణేమో సైకిలెక్కి రమ్మంది. ఎత్తితే ఎక్కలేను, ఎక్కితే ఎత్తలేను. ఇప్పుడేటి దారి?"

నిజంగానే వాడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇంత దూరం వచ్చి, పిల్ల కనబడుతుంటే, పొద్దు వాలిపోతుంటే, ఎవరి మాట తప్పాలి? ఎరకయ్య తమ్ముడి మొహం చూశాడు. సంచి ఒడ్డున పెట్టి, తలపాగా బిగించాడు.

"ఎక్కరా" అన్నాడు.

పైడయ్య సైకిలెక్కాడు. ఎరకయ్య తమ్ముడితో సహా సైకిల్ని ఎత్తి నెత్తిన పెట్టుకున్నాడు. అలా, సీటు లేని సైకిలు మీద, తొక్కడానికి పెడళ్ళు లేక కాళ్ళు వేలాడేసుకుని, ఊరేగింపులో ఉత్సవమూర్తిలా పైడయ్య వాగు దాటాడు. ఇంటి గుమ్మం ముందుకొచ్చినా ఎరకయ్య దించలేదు. సైకిలు మీదే రమ్మంది కదా.

వేణి గుమ్మంలో కొయ్యబారి నిలబడింది. చంపలకి నూనె, చొక్కాకి కాలవ బురద, వణుకుతున్న కాళ్ళు, ఆ మొహం మీద ఇంత నవ్వు.

"వొచ్చీసేను" అన్నాడు పైడయ్య పైనుంచి.

అప్పటికి పొద్దింకా గూకలేదు. వేణి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో ఆవిడకే తెలియలేదు. ఆరు వారాల కోపం ఎటు పోయిందో పోయింది. "ఒక్క నిమిషం మావా, టీ పెడతాను" అని గబగబా లోపలికి వెళ్ళింది.

గుమ్మం బయట అన్నదమ్ములు అలాగే ఉన్నారు, ఒకడి నెత్తిన ఒకడు.

"రమ్మంది, వొచ్చేం" అన్నాడు ఎరకయ్య కింద నుంచి. "ఉండమందేట్రా?"

"నేదన్నా. ఉండమన్లేదు."

పైడయ్య గుమ్మం వైపు చూశాడు. ఉండాలనే ఉంది. ప్రాణమంతా లోపలే ఉంది. కానీ అననిది ఎలా చేస్తాడు?

"మరి పోదుము" అన్నాడు.

వేణి టీ గ్లాసులతో బయటికొచ్చేసరికి వాకిట్లో ఎవరూ లేరు. వాగు మధ్యలో సైకిలు, దాని మీద మొగుడు, కింద బావగారు, నెమ్మదిగా అవతలి ఒడ్డుకి పోతున్నారు. ఆ పిల్ల గ్లాసులతోనే ఒడ్డుకి పరిగెత్తింది.

"మావా! ఆగు!" అని అరిచింది.

ఆగారు. నడి వాగులో.

"అయ్యో నా మావా, దిగు! ముందు దిగు!"

అంతే! అనడమే ఆలస్యం, పైడయ్య దిగాడు. అక్కడ నడుముల లోతు. బుడుంగుమని మునిగి, పైకి తేలి, చెప్పింది చేశానా లేదా అన్నట్టు పెళ్ళాం వైపు చూశాడు. ఆ చూపు చూసి పంతులమ్మ ఇంక ఆగలేకపోయింది. గ్లాసులు ఒడ్డున పెట్టాలని కూడా తట్టలేదు. రెండు చేతుల్లో రెండు గ్లాసులతో, కట్టుకున్న చీరతో, సరాసరి వాగులోకి దిగి మొగుడి దగ్గరికి నడిచింది. నడుముల్లోతు నీళ్ళలో నిలబడి ఒక గ్లాసు వాడి చేతిలో పెట్టింది. రెండోది బావగారికని తెచ్చింది, ఆ సంగతి మరిచిపోయి తనే తాగింది.

"నేను సెప్పకుండా ఇంకెప్పుడూ నా దగ్గర్నించి ఎల్లకు" అంది.

"ఎల్లను" అన్నాడు పైడయ్య. వాడు ఆ మాట తప్పడు, మీకు తెలుసు.

"ఇప్పటికి మా ఇంటి కోడలివైనావమ్మా" అన్నాడు ఎరకయ్య, నెత్తిన సైకిలుతో, కళ్ళు తుడుచుకునే వీల్లేక.

వేణి సిగ్గుపడి, మొగుడి చెయ్యి పట్టుకుని ఒడ్డెక్కింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ ఇంట్లోకి వెళ్ళి తలుపేసుకున్నారు.

ఎరకయ్యకి ఆగమని చెప్పారు. ఆ తర్వాత ఎవరూ ఏమీ చెప్పలేదు. సోమవారం పొద్దున బడికొచ్చిన పిల్లలు వాగు మధ్యలో సైకిలు నెత్తిన పెట్టుకుని నిలబడ్డ మనిషిని చూసి, కొత్తగా విగ్రహం వెలిసిందనుకుని పువ్వులు తెచ్చారు.